పదికి తొమ్మిది

తప్పు నాదే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ సగంలోకి వచ్చాక దాన్ని ఇంకెవరి నెత్తినైనా రుద్దే బుద్ధి పుడుతుందేమోనని నా భయం. ఆ అలవాటు నాకు ఉంది. కోపం కూడా ఎక్కువే. నరసాపురంలో పదిహేనేళ్లుగా పళ్ల డాక్టర్ని. డాక్టర్ సుప్రియ అంటే "చెయ్యి మంచిదేగానీ నోరే మంచిది కాదు" అనుకుంటారట పేషెంట్లు. అనుకోనీ.

ఇవి కాక నాకు ఇంకో జబ్బుంది. అది వృత్తి తెచ్చిపెట్టింది. మనిషి ఎదురుపడితే నేను మొహం చూడను, పళ్లు చూస్తాను. పెళ్లికి వెళ్తే అక్షింతలు వేస్తూ పెళ్లికూతురి పై పళ్లు ఎంత ముందుకొచ్చాయో కొలుచుకుంటాను. మా పెళ్లిచూపుల్లో మా ఆయన నవ్వితే కింది పళ్లు ఇరుకు అనుకున్నాను తప్ప, మనిషి ఎలా ఉన్నాడో ఇంటికెళ్లి ఫోటో చూసుకుంటేగానీ తెలియలేదు. పేషెంట్ల పేర్లు గుర్తుండవు. నోరు తెరిస్తే చాలు, ఎవరో ఏ ఏడాది వచ్చారో చెప్పేస్తాను. దీన్ని గొప్పగా చెప్పుకు తిరిగేదాన్ని.

నాలుగేళ్ల కిందటి ఆగస్టులో మొగల్తూరు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో దంత వైద్య శిబిరం పెట్టాం. ఒక్కో పిల్లకీ ఒక కార్డు. పైన పేరు, తరగతి, రోల్ నెంబరు. కింద ఇంగ్లీషులో గ్రేడ్ అని ఒక గడి, ఆ గడి పక్కన గీత గీసి పది అంకె. పంటి వరస చూడ్డానికి మాకొక చార్టు ఉంటుంది. దాంట్లో పది ఫోటోలు, ఒక్కోదాంట్లో నోరు మాత్రమే. ఒకటో నెంబరు ఫోటోలో పళ్లు గీత గీసినట్టు ఉంటాయి. అక్కణ్ణించి పెరిగేకొద్దీ వంకర పెరుగుతుంది. పదోది అన్నిటికన్నా అధ్వానం. పిల్ల నోరు ఏ ఫోటోకి దగ్గరగా ఉంటే ఆ నెంబరు వేస్తాం. ఎనిమిదికి చేరిందంటే పళ్లకి క్లిప్పులు పెట్టాల్సిందే.

ఆ చార్టు మా క్లినిక్ గోడకి కూడా ఉంది. ఖాళీగా కూర్చున్నవాళ్లు దాన్ని చూస్తూ, "ఆ ఆరో నెంబరావిడ బావుందండి, లక్ష్మీకళ ఉట్టిపడతంది" అంటుంటారు. ఆరో నెంబరావిడకి మొహమే లేదు, ఉన్నవల్లా పళ్లే. ఒకటికీ నాలుగుకీ తేడా చెప్పమంటే ఒక్కళ్లూ చెప్పలేరు. నాకు ఒళ్లు మండేది. కళ్లెదురుగా ఉన్నది కనపడదేంటి వీళ్లకి అనుకునేదాన్ని.

ఆ రోజు నూట నలభై మంది పిల్లలు. ఎండ, ఉక్క, ఇంకా నోట్లో ఇడ్లీ ముక్క పడలేదు. హెడ్మాస్టారి టేబుల్ దగ్గర కుర్చీ వేసుకుని, పిల్లల్ని రోల్ నెంబర్ల వరసలో నిలబెట్టించి, నోరు చూడటం, నెంబరు అరవటం. మా క్లినిక్‌లో పనిచేసే సారిక పక్కన కూర్చుని కార్డు మీద రాసి ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తోంది. పదో తరగతి, రోల్ నెంబరు ఇరవై మూడు వచ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"చెయ్యి తియ్యి" అని కసిరాను.

తీసింది. పైన కోరపళ్లు రెండూ చోటు దొరక్క పక్క పళ్ల మీదకి ఎక్కేశాయి. ముందు పళ్లు ఒకదాని భుజం మీద ఒకటి. కింది వరస చెప్పక్కర్లేదు.

"తొమ్మిది" అని అరిచాను.

పిల్ల కదల్లేదు. "ఎంత మేడమ్?" అంది.

"తొమ్మిదమ్మా, తొమ్మిది."

"పదికా మేడమ్?"

"ఆ, పదికే. నెక్స్ట్!"

ఆ పిల్ల నోరంతా తెరిచి నవ్వింది. "థాంక్యూ మేడమ్" అని, కార్డు రెండు చేతులా పట్టుకుని పరిగెత్తింది. నేను సారిక వైపు తిరిగి, "చూశావా, తొమ్మిదొచ్చిందని ఎగురుకుంటూ పోతోంది, పిచ్చిపిల్ల" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకు ఎగిరిందో పిలిచి అడగడానికి అర నిమిషం చాలు. అడగలేదు.

అక్టోబరు చివర్లో ఒకావిడ క్లినిక్‌కి వచ్చింది. పేరు రాణి. వరిచేలల్లో కూలికి వెళ్తుంది. వాళ్లాయన చేపల చెరువు దగ్గర కాపలా, ఇంటికి వారానికోసారి వస్తాడట. కింద కుడివైపు దవడపన్ను పుచ్చిపోయి బుగ్గ వాచింది. కుర్చీలో కూర్చుని, నోరు తెరవమంటే తెరవకుండా నన్నే చూస్తోంది.

"మీరేనండీ, మా దీవెన పళ్లకి మార్కులేసింది?" అంది.

"మార్కులేంటి?"

"అదేనండి, స్కూల్లో. పదికి తొమ్మిదేసేరు కదండీ. మా ఊరంతటికీ అదే పెద్ద మార్కండి. మోతుబరి రైతులున్నారు, మాస్టార్ల పిల్లలున్నారు, ఒక్కళ్లకీ ఆరు దాటలేదండి."

నా చేతిలో సిరంజి ఉంది. దాన్ని ట్రేలో పెట్టేశాను.

ఆవిడ చెప్పుకుంటూ పోయింది. చిన్నప్పట్నుంచీ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే బతికిందట. బళ్లో మగపిల్లలు "కోరల దీవెన" అని పేరు పెట్టారట. పన్ను మీద పన్నుంటే అదృష్టమే అని ఎంత చెప్పినా వినేది కాదట. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా అందరి వెనకా నిలబడి, పమిటకొంగులాగా చున్నీ నోటికి పెట్టుకుని పాడేదట. "మీరు తొమ్మిదేసిన రోజు మొదలండి, చెయ్యి తీసేసింది. క్లాసులో లేచి నిలబడి పాఠం అప్పజెప్తందంట. ఆదివారం మా లూథరన్ చర్చిలో ముందు వరసలో నిలబడి పాడతంది. తబిత టీచరుగారు ఇంగ్లీషు ఉపన్యాసం పోటీకి దీని పేరిచ్చేరండి. మండలంలో ఫస్టొచ్చింది. నవంబరు పద్నాలుగున భీమవరంలో జిల్లా పోటీ. అందులో నెగ్గితే టీచరుగారే ఇంటర్‌కి మంచి కాలేజీలో చేర్పిస్తానన్నారు. టీచరవుతానంటంది మా పిల్ల."

మత్తు ఇచ్చాను. పెదవి వాలిపోతున్నా ఆవిడ మాట ఆపలేదు. "కార్డుకి లామినేషన్ చేయించేనండి" అంది ముద్దముద్దగా. పన్ను తీశాను, దూది పెట్టాను, మాత్రలు రాశాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. నేను చెప్పాల్సింది అప్పుడే చెప్పి ఉండాల్సింది, సారిక తప్ప ఇంకెవరూ లేరు, ఆవిడ నోట్లో దూది ఉంది, నెమ్మదిగా చెప్తే వినేది. నోరు మంచిది కాదని పేరున్న నాకు ఆ రోజు నోరే రాలేదు.

ఆవిడ వెళ్లాక సారిక కిసుక్కున నవ్వింది. నేను అరిచాను. అరిచాక ఇద్దరం కూర్చుని ఆలోచించాం.

విషయం ఏంటంటే, ఎనిమిదీ తొమ్మిదీ పదీ వచ్చిన పిల్లలకి రాజమండ్రి దగ్గర డెంటల్ కాలేజీలో ఉచితంగా క్లిప్పులు పెడతారు. ఏడాదికి కొందరికే. అక్కడ పనిచేసే కిరణ్ కుమార్ నా క్లాస్‌మేటు. ఫోన్ చేసి జరిగింది చెప్పాను. విరగబడి నవ్వాడు. తర్వాత, "నవంబరు పదో తారీఖులోపు తల్లో తండ్రో సంతకం పెట్టిన ఫారం నా టేబుల్ మీద ఉండాలి" అన్నాడు.

"పిల్ల బాధపడుతుంది కిరణ్."

"ఏడుస్తుందని వైద్యం ఆపేస్తామా? అది తొమ్మిది. రేపు పెద్దయ్యాక ఆ పళ్లు వేసుకుని ఎక్కడికి పోతుంది? నువ్వు డాక్టరువా, మేనత్తవా?"

సారికది ఇంకో మాట. "మేడమ్, నాకైతే ఆ పిల్ల నవ్వు బావుంటుందనిపించింది. ఆ పిల్లకి ఇబ్బంది లేనప్పుడు మనకెందుకండీ?"

"నీకేం తెలుసు?" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. పదేళ్లుగా నా పక్కన నిలబడి రోజుకి ఇరవై నోళ్లు చూస్తోంది, అయినా నీకేం తెలుసు అన్నాను. తొమ్మిది తొమ్మిదే. అది నా కంటికి అంత స్పష్టంగా కనపడుతున్నప్పుడు దాన్ని వదిలేయడం నాకు చేతకాలేదు. పోటీ పద్నాలుగున. నాలుగు రోజులు గడువు పెంచమని కిరణ్‌ని బతిమాలితే కాదనేవాడు కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. పట్టుదలకి పోయాను.

నవంబరు మొదటి ఆదివారం, చర్చి వదిలే వేళకి వాళ్ల ఊరు వెళ్లాను. తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాలి, ఆ వెంటనే ఉచిత వైద్యం సంగతి చెప్పాలి, సంతకం తీసుకోవాలి. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. నీ పళ్లకి ఇంకొంచెం మంచి వరస రావచ్చమ్మా అని మొదలుపెడదామనుకున్నాను.

కారు వీధి మలుపు తిరగ్గానే రాణి చూసింది. "తొమ్మిదేసిన డాక్టరుగారొచ్చేరు!" అని ఒక్క కేక. ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, ఎవరింట్లోంచో టేబుల్ ఫ్యాన్ వచ్చింది, చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చారు. చర్చి నుంచి అప్పుడే వచ్చారేమో, అందరూ తెల్లచీరల్లో ఉన్నారు. గోడకి బైబిలు వాక్యాల కేలెండరు పక్కన కార్డు మేకుకి వేలాడుతోంది. అడుగున సారిక రాత. దీవెన కూల్‌డ్రింక్ తెచ్చి ఇచ్చింది. "గుడ్ మార్నింగ్ మేడమ్. హౌ ఆర్ యూ మేడమ్?" అంది. గొంతు గంటలా ఉంది. నోటి దగ్గర చెయ్యి లేదు.

"రాణీ, మీతో కొంచెం విడిగా మాట్లాడాలి" అన్నాను.

"పర్లేదండి, అందరూ మనోళ్లే. చెప్పండి."

ఏమని చెప్పను? ఫ్యాను గాలికి కార్డు గోడకి కొట్టుకుంటోంది. ఈ లోపల వెనకనుంచి ఒకావిడ ముందుకొచ్చింది. వీరవేణి, ఎదురింటావిడ. చేత్తో ఒక పిల్లని లాక్కొచ్చింది. రెండో చేతిలో అలాంటిదే ఇంకో కార్డు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. మా పిల్లకి రెండేసేరేంటండీ? ఎవరో తొందరలో వేసుంటారు. మీరొక్కసారి మళ్లీ చూసి ఒక నాలుగో అయిదో వెయ్యండి. అందరూ నవ్వుతన్నారు, ఇంట్లోంచి బయటికి రావట్లేదు పిల్ల."

పిల్ల నోరు తెరిచింది. చక్కటి వరస. నా కళ్లు ఎప్పట్లాగే మొహం వదిలేసి పళ్ల మీదకి పోయాయి, నా నోరు ఎప్పట్లాగే ఆలోచించకుండా మాట్లాడింది.

"రెండంటే మంచిదేనమ్మా. బ్రహ్మాండంగా ఉన్నాయి దీని పళ్లు. ఎంత తక్కువొస్తే అంత మంచిది."

అన్నాక తెలిసింది ఏమన్నానో.

వీరవేణికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. కార్డు చూసుకుంది, గోడ మీది కార్డు చూసింది, నా వైపు చూసింది. "మరి తొమ్మిదంటేనండీ?" అని అడిగింది ఆవిడ కాదు, దీవెన. పోటీ కోసం నేర్చుకున్న గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా అడిగింది.

ఆ క్షణంలో అబద్ధం చెప్పి ఉంటే బావుండేది. రెండూ మంచివే, ఒక్కో తరగతికి ఒక్కో లెక్క అని ఏదో ఒకటి అనేసి ఉంటే నమ్మేసేవాళ్లు. నన్ను దేవుడిలా చూస్తున్నారు, ఏం చెప్పినా నమ్మేవాళ్లు. "నీకు ఉచితంగా క్లిప్పులు పెడతారమ్మా, ఏడాదిన్నరలో బాగైపోతాయి" అన్నాను నేను. అదే నా జవాబు.

వీరవేణి నవ్వింది. నిజం చెప్పాలంటే ఆవిణ్ణి తప్పు పట్టలేను, రెండు నెలలపాటు ఆవిడ కూతురు ఇంట్లో కూర్చుంది. "అయితే ఊరందరికీ చాటింది దీనికా రాణీ?" అంది. ఇంకెవరో నవ్వారు. దీవెన అరచెయ్యి పైకి లేచి నోటి మీద ఆగింది. అంత మామూలుగా లేచింది ఆ చెయ్యి. తర్వాత పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

రాణి మాత్రం నాతో గట్టిగా ఒక్క మాట అనలేదు. ఫారం మీద సంతకం పెట్టి, వాకిలి దాకా వచ్చి, "ఏది మంచిదో ఏది చెడ్డదో ఆ కార్డు మీద తెలుగులో ఒక ముక్క రాయొచ్చు కదండీ" అంది. అంతే. బడి ఆవరణలో, హెడ్మాస్టారి టేబుల్ దగ్గర, రోల్ నెంబర్ల వరసలో నిలబెట్టి పదికి తొమ్మిది అని అరిస్తే, పదో తరగతి పిల్ల మార్కులనుకోక ఇంకేమనుకుంటుంది? ఆ బుద్ధి నూట నలభై మందిని చూసిన డాక్టరుకి లేకపోయింది.

పద్నాలుగో తారీఖు సాయంత్రం తబిత టీచరు ఫోన్ చేసింది. నా నెంబరు రాణి దగ్గర తీసుకుందట. పిల్ల పోటీకి రానంటే బలవంతంగా తీసుకెళ్లిందట. స్టేజి ఎక్కింది, మైకు ముందు నిలబడింది, మొదలుపెట్టింది, కానీ నోటికి చెయ్యి అడ్డం. మాట ఎవరికీ వినపడలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన, పాపం మంచిగానే, "చెయ్యి తియ్యమ్మా" అన్నాడట. పిల్ల ఆ చెయ్యి తియ్యకుండానే దిగి వచ్చేసిందట.

"మూడు నెలల కష్టం డాక్టరుగారూ" అంది టీచరు. "పోటీ అయ్యాక చెప్పుంటే ఏం పోయేదండి?"

ఏమీ పోయేది కాదు.

సరే, కనీసం పళ్లయినా బాగుచేయిద్దాం అనుకున్నాను. డిసెంబరులో తల్లీకూతుళ్లని నా కార్లో నేనే రాజమండ్రి తీసుకెళ్లాను. కాలేజీలో దీవెనని కుర్చీలో వెనక్కి పడుకోబెట్టారు, మొహం మీద లైటు వేశారు. కిరణ్ వచ్చాడు, వెనకాల ఎనిమిది మంది స్టూడెంట్లు. బుగ్గల్ని ప్లాస్టిక్ పరికరంతో రెండు వైపులా లాగి పట్టుకున్నారు. కిరణ్ లోపలికి చూసి ఉత్సాహంగా, "బ్యూటిఫుల్! బ్యూటిఫుల్ కేస్! అందరూ ఫోటోలు తీసుకోండి" అన్నాడు. మేం అలాగే అంటాం. కేసు ఎంత దారుణంగా ఉంటే అంత అందమైన కేసు మాకు. పుస్తకంలో చదివింది కళ్ల ముందు దొరికిందన్న సంబరం అది. నేనూ వేలసార్లు అన్నాను. ఆ రోజే మొదటిసారి అది పేషెంటు చెవులతో విన్నాను. ఫోన్లు వరసగా ఆ నోటి మీదకి వంగాయి. దీవెన కళ్లు తల్లిని వెతుక్కున్నాయి. రాణి గోడకి ఆనుకుని నిలబడింది.

నాలుగు పళ్లు తీయాలి, నెలనెలా రావాలి అని చెప్పి పంపించారు. తిరుగు ప్రయాణం. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద, వెనక సీట్లోంచి దీవెన అడిగింది.

"మేడమ్, బ్యూటిఫుల్ అన్నా కూడా తిరగేసే అర్థం చెప్పుకోవాలా అండి?"

కారు నడుపుతున్నాను కాబట్టి వెనక్కి తిరిగి చూడక్కర్లేకపోయింది. ఏదో గొణిగాను. అద్దంలో చూస్తే చున్నీ ముక్కు దాకా కట్టుకుని గోదావరి వైపు చూస్తోంది. మళ్లీ రాజమండ్రి వెళ్లలేదు వాళ్లు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్లాను. రెండోసారి రాణి లోపలికి రమ్మనలేదు. "పిల్ల నాతో మాటాడ్డం మానేసిందండి. నువ్వే చాటేవు అంటంది. మీరు రాకండి, మిమ్మల్ని చూస్తే ఆ పూట అన్నం కూడా తినదు" అంది. గోడ మీద కార్డు లేదు, మేకు మాత్రం కనపడుతోంది. నేను మళ్లీ బడుల్లో శిబిరాలు పెట్టలేదు. దాంతో ఎవరికి ఏం ఒరిగిందని?

పోయిన ఫిబ్రవరిలో, పాలకొల్లు వెళ్లే దారిలో ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి అడిగారు, తమ దగ్గర పనిచేసే ఆడవాళ్లకి పళ్లు చూడమని. పెద్దవాళ్లే, నెంబర్లూ గ్రేడ్లూ లేవు, పుచ్చిపోయినవి చూసి మందు రాయడమే అన్నారు. ఒప్పుకున్నాను. లోపలికి వెళ్లాలంటే నాకూ తలకి టోపీ, మూతికి మాస్కు, కాళ్లకి బూట్లు తగిలించారు. పెద్ద హాలు. మంచులో ఉన్నంత చలి. స్టీలు బల్లలకి అటూ ఇటూ రెండు వందల మంది ఆడవాళ్లు నిలబడి రొయ్యల తలలు తీస్తున్నారు. అందరికీ నీలం టోపీ, నీలం గౌను, నీలం మాస్కు. కనపడేవి కళ్లే. సూపర్‌వైజరు నన్ను బల్లల మధ్యనుంచి నడిపిస్తున్నాడు.

"నమస్తే మేడమ్" అంది ఒకమ్మాయి, చేతులాపి.

నేను చూశాను. ఎవరో తెలియలేదు. పళ్లు కనపడకపోతే మనుషుల్ని గుర్తుపట్టడం నాకు రాదు.

"దీవెననండి."

పంతొమ్మిదేళ్లు వచ్చి ఉంటాయి. ఆ కళ్లు పెద్దవని, ఎడమ కనుబొమ పక్కన పుట్టుమచ్చ ఉందని అప్పుడు చూశాను. అన్నిసార్లు నా ఎదురుగా ఉన్న మొహం అది, నోటికి పైన ఏముందో నాకు తెలియదు.

"ఇంటర్ చేరలేదా అమ్మా?"

"చేరేనండి. నెల రోజులెళ్లేను. రోజూ అటెండెన్సుకి పేరు పిలుస్తారు కదండీ, ప్రెజెంట్ సార్ అనాలి. అందరూ తిరిగి చూస్తారు." గొంతు అదే. మాస్కు వెనకనుంచి వస్తున్నా అంత స్పష్టంగానూ ఉంది. "ఇక్కడ బావుందండి. ఎవరితో మాటాడక్కర్లేదు. అందరికీ మాస్కేనండి, తీస్తేనే తిడతారు."

"అన్నం తినేటప్పుడు?"

"గోడ వైపు తిరిగి కూచుంటానండి. అలవాటైపోయింది."

సూపర్‌వైజరు వాచీ చూసుకుంటున్నాడు. నేను ఏం చెయ్యాలో తెలియక, ఆ చలిలో, రొయ్యల వాసనలో, నాలుగేళ్లుగా చెప్పుకోలేనిది గబగబా చెప్పేశాను. "దీవెనా, నీ నవ్వు చాలా బావుండేదమ్మా. ఆ రోజు నువ్వు థాంక్యూ మేడమ్ అని నవ్వావు చూడు, అంత మంచి నవ్వు నేను ఇంతవరకు చూడలేదు. ఒట్టు. నిజంగా చెప్తున్నాను." ఏడుపొచ్చేసింది నాకు. అది నిజం. నా జన్మలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం లాగా అనిపించింది.

ఆ పిల్ల నా వైపు ఓపిగ్గా చూసింది. కోపం లేదు, అదుంటే నయం.

"మీరలా అంటే ఏంటో నాకు తెలీదండి" అంది. "పళ్లు చూడ్డానికి వరసగా పంపిస్తారంట మధ్యాన్నం. నాది వద్దని రాసేసుకోండి మేడమ్."

అలాగే అన్నాను. దీవెన తల ఊపి, మళ్లీ బల్ల వైపు తిరిగి తల వంచుకుంది. ఇంతలో సూపర్‌వైజరు నన్ను ఐసు గది చూపిస్తానని పక్కకి తీసుకెళ్లాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాను, ఇంకోసారి మాట్లాడదామని, మీ అమ్మ ఎలా ఉందని అడుగుదామని. బల్లల దగ్గర అన్నీ నీలం టోపీలే, అందరూ తలలు వంచుకునే ఉన్నారు. రెండు వరసలూ అటు చివరిదాకా నడిచి చూశాను. ఎవరు దీవెనో నాకు తెలియలేదు.